పాతచీర, కొత్తజాకెట్టు, కనుమ భోజనం

డిసెంబరు సగంలో పడిందంటే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో రెండే రెండు టాపిక్కులు. ఒకటి, ఎవరి వెయిటింగ్ లిస్టు ఎంతదాకా దిగింది. రెండు, పండక్కి డ్రెస్ కోడ్ ఏంటి. మొదటిదాని గురించి మాట్లాడి ప్రయోజనం లేదు, అది రైల్వేవాళ్ళ దయ, మన ప్రాప్తం. రెండోదాని గురించి మాత్రం కాస్త గట్టిగానే మాట్లాడాలనుంది.

క్రితంసారి వచ్చిన ఆర్డరు ఇదీ: ఆడవాళ్ళందరూ మస్టర్డ్ ఎల్లో, మగాళ్ళందరూ మెరూన్ కుర్తా, పిల్లలకి రెండూ కలిపినవి. ఇరవై రెండు మందికీ లింకు పంపించారు, నొక్కాం, డబ్బులు కట్టాం, డబ్బాలొచ్చాయి. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది, కాదన్ను. కానీ మా మావయ్య అది చూసి "పెళ్ళివారేరిరా? మీరంతా క్యాటరింగు వాళ్ళలా ఉన్నారు" అన్నాడు. ఆ కుర్తా నేను మళ్ళీ వేసుకున్నది లేదు. ఆఫీసుకి వేసుకెళ్ళలేను, ఇంట్లో వేసుకుంటే ఒకటే చెమట. ఇంటికో కుర్తా చొప్పున ఇలాంటివి ఏటా ఎన్ని పోగవుతున్నాయో ఎవరి బీరువా వాళ్ళు చూసుకోవచ్చు.

నా ప్రతిపాదన సింపులు. భోగికీ, సంక్రాంతికీ కొత్తబట్టలు కట్టుకోండి. ఓ మూల పసుపు రాసి మరీ కట్టుకోండి, దాని జోలికి నేను రావట్లేదు. కనుమనాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ రాత్రి ఎలాగూ అందరూ ఇంట్లోనే ఉంటారు. ఆ ఒక్క భోజనానికి మాత్రం ప్రతివాళ్ళూ బీరువాలోంచి ఒక్క పాతది తీసి ఒంటిమీద వేసుకోవాలి. మిగతాదంతా ఇవాళ్టిదే. అమ్మమ్మ చీర మీదకి నిన్న కుట్టించిన జాకెట్టు. తాతయ్య పంచె మీద ఆన్‌లైన్లో కొన్న లినెన్ చొక్కా. జీన్సూ కుర్తీ మీద అమ్మ లంగాఓణీల కాలం నాటి ఓణీ. రంగులు కలిశాయా లేదా అని ఎవరూ అడక్కూడదు.

ఇది చెప్పగానే మా బావ వేసిన మొదటి ప్రశ్న: "పాతసామాన్లు మంటలో వేసే పండక్కి పాతబట్టలేంట్రా?" లాజిక్ బాగానే ఉంది. కానీ భోగిమంటలో మనం వేసేది కాలు విరిగిన కుర్చీ, పుచ్చిపోయిన తలుపుచెక్క. పట్టుచీర తెచ్చి మంటలో వేసినవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు. పట్టుచీరలు కాలేది వేరేచోట. ఊళ్ళల్లో "పాత పట్టుచీరలు కొనబడును" అని బోర్డులు ఉంటాయే, అక్కడ తూకం వేసి కొన్న చీరలు చివరికి నిప్పుల్లోకే వెళ్తాయి. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నగా సాగదీసిన వెండి తీగ చుట్టి, దానికి బంగారుపూత వేసింది. చీర కాలిస్తే వెండి మిగులుతుంది. అంటే వాళ్ళు కొనేది చీరని కాదు, వెండిని. మా పిన్ని అలా నాలుగు చీరలిచ్చేసి ఆ డబ్బుల్తో మిక్సీ కొంది. ఆ మిక్సీ కూడా ఇప్పుడు లేదు.

కొంతమందికి ఈ కలపడం అనేదే నచ్చదు. కడితే పద్ధతిగా పాతకాలంలా కట్టాలి, లేకపోతే పూర్తిగా మోడరన్‌గా ఉండాలి, మధ్యలో ఈ సంకరం ఏంటి అంటారు. ఏ పాతకాలం అండీ? జాకెట్టు అన్న మాటే ఇంగ్లీషుది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఫొటో చూడండి, తలపాగా, పొడుగు కోటు, కింద పంచె. అప్పటి ప్లీడర్లూ, మేష్టార్లూ అంతమందీ అదే వేషం. అది చూసి ఎవరూ ఫ్యూజన్ అనలేదు, హుందాగా ఉందన్నారు.

అంతెందుకు, గద్వాల చీర తీసుకోండి. ఒళ్ళేమో నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ వేరువేరుగా నేసి సూదితో కుట్టింది కాదు. ఒంటికో నాడె, అంచుకో నాడె వాడుతూ మగ్గం మీదే పేకపోగుల్ని ఒకదాంట్లో ఒకటి మెలేసి కలుపుతారు. నూలు ఒక రకంగా సాగుతుంది, పట్టు ఇంకోరకంగా సాగుతుంది, అయినా ఆ కలిపిన చోట చీర చిరగదు. నేను ఇరవయ్యేళ్ళుగా రెండు సిస్టమ్స్‌ని కలిపే ఇంటర్‌ఫేసులు రాసి బతుకుతున్నాను. అంత శుభ్రమైన ఇంటర్‌ఫేసు ఒక్కటి కూడా రాయలేదని ఒప్పుకోడానికి నాకేం నామోషీ లేదు :)

సరే, చీర బీరువాలో పదిలంగా ఉంటుంది కదా, కట్టుకుని పాడుచెయ్యడం ఎందుకు అన్నది ఇంకో వాదన. ఇది మా అమ్మ వాదన. ఇక్కడే అసలు చిక్కుంది. బీరువాలో పెట్టిన చీర పదిలంగా ఉండదు. పట్టుని ఒకే మడత మీద ఏళ్ళతరబడి ఉంచితే ఆ మడత దగ్గరే పోగులు విరుగుతాయి. గాల్లో ఉండే గంధకానికి వెండిజరీ నల్లబడుతుంది. ఎవరూ ముట్టుకోని సర్వరు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నడుస్తూనే ఉంటుంది, ఒకరోజు రీస్టార్ట్ చెయ్యగానే లేవదు. ఏడాదికోసారి కట్టుకునే చీర అయితే బయటికొస్తుంది, గాలి తగులుతుంది, మడత మారుతుంది, చిన్న చిరుగు చిన్నగా ఉన్నప్పుడే కంట్లో పడుతుంది.

అలాగని తియ్యగానే చుట్టబెట్టెయ్యమని కాదు. మా ఇంట్లో మా ఆవిడ పాటించే వరస చెప్తాను, పనికొస్తే వాడుకోండి. పండక్కి నెల ముందే చీర తీసి నీడలో ఆరేస్తుంది, ఎండలో కాదు, ఎండకి పట్టు రంగూ పోతుంది సత్తువా పోతుంది. తర్వాత వెలుతురుకి అడ్డంగా పట్టుకుని మడతల వెంబడి చూస్తుంది. సన్నటి గీతల్లా వెలుతురు కనబడుతోందంటే ఆ చీర కట్టడానికి కాదు, దుప్పట్లా భుజాన వేసుకోడానిక్కూడా ఆలోచించాలి. గట్టిగా ఉంటే పాత ఫాల్ విప్పేసి కొత్తది వేయిస్తుంది, ఎందుకంటే ముందు చిరిగేది కింద అంచే. పిన్నీసులు చీరకి నేరుగా గుచ్చదు, కింద చిన్న గుడ్డముక్క పెడుతుంది. సెంటు కొట్టుకునేది చీర కట్టకముందే. జరీ మీద పడితే మచ్చలు పోవు.

జాకెట్టు సంగతి వేరు. పాత జాకెట్టు చంకల దగ్గర చెమటకి చివికిపోయి ఉంటుంది, దాన్ని బతికించడం కష్టం. అక్కడ గుడ్డ గట్టిగా ఉంటే మాత్రం లోపలివైపు తిప్పి చూడండి. పాత టైలర్లు పక్కల్లో రెండు మూడు కుట్లు వేసి గుడ్డ వదిలేవాళ్ళు, పిల్ల రేపు ఒళ్ళు చేస్తుంది అన్న ముందుచూపుతో. కుట్టు విప్పితే అంగుళం అటూఇటూ వస్తుంది. ఇప్పటి రెడీమేడ్ వాళ్ళు అరంగుళం కూడా వదలరు.

భోజనం మాటకొస్తే, కనుమనాడు మా ఇంట్లో మినపగారెలూ, నాటుకోడి పులుసూ. పసుపూ, నూనే కలిసిన ఆ పులుసు మరక పట్టు మీద పడిందంటే అక్కడితో అయిపోయినట్టే. అందుకని నా ఓటు పాత నూలుచీరలకి. వెంకటగిరి, మంగళగిరి, లేదంటే ఆ గద్వాల. మరక పడినా ఉతుక్కోవచ్చు, దానికోసం ఎవరూ ప్రాణం ఉగ్గబట్టుకుని కూచోనక్కర్లేదు. చీరని కాపాడుకుంటూ తినే భోజనం భోజనమే కాదు.

ఇంక కత్తిరించడం గురించి. పాత పట్టుచీరతో అనార్కలీ కుట్టించడం, అంచు కోసి లెహంగాకి వెయ్యడం, మిగిలినదాంతో పిల్లకి గౌను, బాబుకి కుర్తా. దీన్నే ఇప్పుడు రీసైక్లింగ్ అంటున్నారు. మా మరదలు అమ్మమ్మ చీర ఒకటి ఇలాగే టైలరుకిచ్చింది. గౌను నిజంగానే బావుంది. పిల్ల మర్నాడే ఎదిగిపోయింది. మర్నాడంటే రెండేళ్ళనుకోండి, చీర వయసు ముందు అదెంత?

నా ఉద్దేశంలో చిరగని చీరని కత్తిరించకూడదు. అయిదున్నర మీటర్ల గుడ్డకున్న గొప్పదనమే అది ఏ ఒంటికీ కొలిచి కుట్టింది కాకపోవడం. అమ్మమ్మకీ సరిపోతుంది, మనవరాలికీ సరిపోతుంది. కుట్టిన క్షణంలో అది ఒక్కళ్ళ సైజుకి హార్డ్‌కోడ్ అయిపోతుంది. మనవాళ్ళకి తెలిసిన కథే చెప్తాను. నెట్‌స్కేప్ వాళ్ళు ఉన్న కోడంతా పక్కన పడేసి మొదట్నించీ రాద్దామని కూచున్నారు. 1997లో 4.0 వచ్చింది, తర్వాత 6.0 వచ్చేసరికి 2000 అయింది, మధ్యలో 5.0 అన్నది రానేలేదు. ఈలోపు మార్కెట్టు చేజారిపోయింది. జోయెల్ స్పాల్‌స్కీ అదే ఏడాది దానిమీద పెద్ద వ్యాసమే రాశాడు, మన ఫీల్డులో చదవనివాళ్ళు తక్కువ. పనిచేస్తున్న పాతదాన్ని ముట్టుకోకుండా దాని చుట్టూ కొత్తది కట్టుకోండి. జాకెట్టు మార్చండి, బెల్టు పెట్టండి, స్నీకర్స్ వేసుకోండి, రేపు తీసేస్తే చీర చీరగానే ఉండాలి. సగం చీకిపోయిన చీరైతే మాత్రం నిరభ్యంతరంగా కత్తిరించండి. మన ముందు తరాలవాళ్ళు చేసిందీ అదే, చీర చిరిగాక బొంత కుట్టారు, బొంత చిరిగాక మసిగుడ్డ చేశారు.

బొంత అంటే గుర్తొచ్చింది. ఈ వింటేజ్ కబుర్లన్నీ బీరువా ఉన్నవాళ్ళ కబుర్లు. నా టీములో ఒకబ్బాయి "మా నాయనమ్మకి ఉన్నవి రెండు నూలుచీరలు సార్, రెండూ బొంతలోకెళ్ళాయి" అన్నాడు. అందుకే నేను పట్టుచీర అనకుండా పాతది ఏదైనా ఒకటి అంటున్నాను. తువ్వాలైనా సరే, జేబురుమాలైనా సరే. ఆ అబ్బాయి దగ్గర వాళ్ళ నాన్నగారి హెచ్చెంటీ వాచీ ఉంది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి మొదలెట్టిన వాచీలు అవి, 2016లో ఆ వాచీల కంపెనీయే మూతబడింది. వాచీ మాత్రం రోజూ కీ ఇస్తే నడుస్తోంది. చేతికున్న స్మార్టువాచీ తీసేసి అది పెట్టుకుని కూచుంటే చాలు, నా లెక్కలో పాసు.

మగాళ్ళకి ఇంకేం ఉన్నాయంటారా? పొందూరు ఖద్దరు పంచె ఉంటే అదృష్టవంతులు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రంచేసి వడికిన నూలు అది. పాతబడేకొద్దీ కాస్త పసుపుబారుతుంది, మెత్తబడుతుంది. దానిమీదకి నల్ల టీషర్టు కూడా నప్పుతుంది, నా మాట నమ్మండి. కట్టడం రాకపోతే తాతయ్యనో మావయ్యనో అడిగి నేర్చుకోండి, వెల్క్రో మాత్రం వద్దు. ఇక మా నాన్న టెరికాటన్ సఫారీ ఒకటుంది. దానికి చావు లేదు. చెదలు ముట్టుకోవు, రంగు పోదు, మడత నలగదు. కోబాల్ ప్రోగ్రాములాంటిది, ఎవరికీ ఇష్టం లేదు కానీ నడుస్తోంది. మా తమ్ముడు దాని చొక్కా ఒక్కటీ జీన్స్ మీద వేసుకుంటే వాడిని చూసి నాన్న నవ్విన నవ్వు ఆ మెరూన్ కుర్తాల్లో ఎవరికీ దక్కలేదు.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నది. పాత-కొత్త కలపడం మీద ఇన్‌స్టాలోనూ, పత్రికల ఫ్యామిలీ పేజీల్లోనూ వచ్చేవన్నీ కూతుళ్ళ వైపునుంచే. "అమ్మ చీరలో నేను" అని. బావుంటాయి, మనసుకి హత్తుకుంటాయి. కానీ ఆ అమ్మ ఆ చీర ఎందుకు కట్టుకోవట్లేదన్న ప్రశ్న ఒక్కరూ అడగరు. చాలా ఇళ్ళల్లో జవాబు అందరికీ తెలిసిందే. నాన్న పోయాడు. ఆ రోజునుంచి ముదురు రంగులన్నీ బీరువా పై అరలోకి వెళ్ళాయి.

మా పెద్దమ్మ సంగతి అదే. పెదనాన్న పోయాక ఆవిడ కట్టేవన్నీ లేతరంగులే, తెల్లజాకెట్లే. ఎవరూ శాసించలేదు. ఎవరూ వద్దు అని కూడా అనలేదు, అంతే. ఒక కనుమకి మా వదిన పెద్దమ్మ మెరూన్ గద్వాల చీర కట్టుకుని, బోట్‌నెక్ జాకెట్టు వేసుకుని వచ్చింది. అందరం ఆహా ఓహో అన్నాం. పెద్దమ్మ కూడా సంతోషపడింది. అప్పుడు మా ఆవిడ మెల్లిగా "అత్తయ్యగారూ, వీటిల్లో ఒకటి మీరే కట్టుకోవచ్చు కదండీ" అంది. ఒక్క క్షణం గారెలు నమిలే చప్పుడు కూడా లేదు. పెద్దమ్మే తేరుకుని "బాగుందే అమ్మాయ్, ఇంక నాకెందుకే అవన్నీ" అని పులుసుగిన్నె ఇటు జరపమంది.

మరుసటేడు కనుమ రాత్రి ఆవిడ నెమలిపింఛం రంగు వెంకటగిరి చీర కట్టుకుని వచ్చి కూచుంది. జరీఅంచుది. పైన జాకెట్టు మాత్రం రోజూ వేసుకునే తెల్లదే. ఎవరికీ ముందు చెప్పలేదు. వరసకి చెల్లెలయ్యే ఆవిడ ఒకావిడ "ఏంటక్కా, ఇవాళ విశేషం?" అంది, ఆ అడగడంలో ఉండాల్సిన విరుపంతా ఉంది. "విశేషం ఏముందే, నా చీరే. నేను కొనుక్కున్నదే" అంది పెద్దమ్మ. అంతే, ఇంకో మాట లేదు.

రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొట్టమొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నూట నలభై ఏళ్ళు దాటింది. అదే గోదావరి ఒడ్డున మనం ఇంకా చీర రంగు దగ్గరే ఉన్నాం. అదీ ఇద్దరు ముగ్గురు సాఫ్ట్‌వేరు ఇంజనీర్లూ, ఒక డాక్టరూ ఉన్న ఇంట్లో. కాబట్టి ఈ కనుమ నియమంలో నేనొక క్లాజు కలుపుతున్నాను: పాతచీర మీద మొదటి హక్కు అది కొనుక్కున్నవాళ్ళది. వాళ్ళు బతికుంటే ముందు వాళ్ళని అడగాలి. "నాకిస్తావా" అని కాదు, "నువ్వు కట్టుకుంటావా" అని. వద్దంటే వద్దు, బలవంతం లేదు. మనకి అభ్యుదయం వచ్చింది కదా అని వాళ్ళని ఫొటో ముందు నిలబెట్టడం ఇంకో రకం దౌర్జన్యం. కానీ అడగడం మాత్రం అందరి ముందూ అడగాలి. ఎందుకంటే ఆ వద్దు అనేది వాళ్ళ లోపల్నించి వస్తోందో, చుట్టూ ఉన్న మన మౌనంలోంచి వస్తోందో వాళ్ళకే తెలీదు చాలాసార్లు.

ఒక అభ్యంతరం మిగిలింది, అది న్యాయమైనదే. అందరూ పాతవి కట్టుకుంటే నేతపని వాళ్ళ గతేంటి? 2009-10 చేనేత గణనలో దేశం మొత్తం మీద ఈ పనిమీద బతికేవాళ్ళు 43 లక్షల పైచిలుకు. 2019-20 గణనకి 35 లక్షలకి వచ్చింది. మనం కట్టుకునే పాతచీరలవల్ల తగ్గిన లెక్క కాదది. మనం లింకు నొక్కి కొన్న ఇరవై రెండు మస్టర్డ్, మెరూన్లలో ఒక్కటి కూడా చేత్తో నేసింది కాదు. ఆ ఇరవై రెండింటి డబ్బూ కలిపితే మంచి మంగళగిరి చీరలు నాలుగు వచ్చేవి, మా ఇంటి పిల్లలకి పెళ్ళిళ్ళయ్యేదాకా ఉండేవి. ఏటా నలుగురికి కొత్తవి, మిగతావాళ్ళకి పాతవి, మరుసటేడు ఇంకో నలుగురికి. రౌండ్ రాబిన్ అనుకోండి. గ్రూపులో పెడితే ఇద్దరు బొటనవేలు చూపించారు, ఒకరు "చూద్దాం" అన్నారు. మా ఇంట్లో చూద్దాం అంటే దాదాపు అవునన్నట్టే.

ఎవరైనా ఈసారి మొదలెడదామనుకుంటే ఒక్క మాట. సంక్రాంతి ముందు టైలర్లు జనవరి మొదటి వారం దాటితే జాకెట్లు తీసుకోరు, మా వీధిలోవాడైతే డిసెంబరు ఆఖరుకే బోర్డు పెట్టేస్తాడు. చీర తీసి వెలుతురుకి పెట్టి చూడ్డం, ఫాల్ విప్పడం అంతా ఈలోపే అయిపోవాలి. పెద్దమ్మ నిన్న ఫోన్ చేసి, కొలత జాకెట్టు పంపిస్తే రంగుగుడ్డతో కుట్టగలరా అని మా ఆవిడని అడిగింది. ఏ రంగో ఇంకా చెప్పలేదు.